ఐదు వేల సర్వీసు పదకొండు వేలు ఎట్ల అయితది: జాబ్ కార్డ్ కాడ్నే ఉంది కథంతా

పోయినేడు దసరాకు ముందు నా కారు సర్వీసుకిచ్చిన, మా దిక్కుదే ఒక షోరూం, పేరెందుకు గాని. పొద్దున తొమ్మిదింటికి ఇచ్చేటప్పుడు అడ్వైజర్ (బండి తీస్కొని పని రాసుకునేటోడు) "ఒక ఐదు, ఐదున్నర అయితది సార్" అన్నడు, సాయంత్రం ఆరింటికి పోతే కౌంటర్ల అమ్మాయి 11,715 బిల్లు చేతుల పెట్టింది. తెల్లారి యాదగిరిగుట్టకు పోవాలె, ఇంట్లకెల్లి ఫోన్ మీద ఫోన్, నా ఎనక ఇంకో నలుగురు నిలవడ్డరు, అప్పుడు లొల్లి ఏం పెట్టుకుంట, ఫోన్‌పే కొట్టి తాళంచెవి తీస్కొని వచ్చిన.

రాత్రి అన్నం తిన్నంక ఆ బిల్లు ముందలేస్కొని పెన్ను పట్టుకొని కూసున్న. ఒక్కో లైను చదివిన కొద్ది కోపం వాళ్ల మీదికెల్లి నా మీదికే మర్లింది. ఎందుకంటే అండ్ల దొంగతనం అనేటట్టు ఒక్క ఐటెం కూడ లేదు, రాసినయన్నీ చేసిండ్రు, అన్నిటికీ పొద్దున జాబ్ కార్డ్ మీద, అంటే ఏమేం పని చెయ్యాలెనో రాసే కాయితం మీద, నా సంతకమే ఉంది. చదవకుండ పెట్టిన సంతకం.

లెక్క తీసిన. ఇంజిన్ ఆయిల్, ఆయిల్ ఫిల్టర్, డ్రెయిన్ ప్లగ్ (పాత ఆయిల్ వొంపే కాడ ఉండే బోల్టు) కాడ వేసే చిన్న వాషర్, మూడు కలిపి 2,300. సర్వీసు లేబర్ 1,850, చక్రాల అలైన్‌మెంట్, బ్యాలెన్సింగ్ 900, ఈ రెండిటి మీద 18 శాతం జీఎస్టీ 495. మొత్తం 5,545, అంటే పొద్దున ఆ పిల్లగాడు చెప్పింది కరెక్టే. మిగిలిన 6,170 ఏడికెల్లి వచ్చిందంటే ఇంజిన్ డీకార్బనైజేషన్ (లోపలి మసి తీసుడు) 1,450, థ్రాటిల్ బాడీ (ఇంజిన్‌లకు పోయే గాలిని ఆపే మూత) క్లీనింగ్ 750, ఏసీ డిస్‌ఇన్ఫెక్షన్ 780, ఇంటీరియర్ క్లీనింగ్ 1,150, బ్రేక్ క్లీనింగ్ 650, వీటి మీద మళ్ల జీఎస్టీ 860, పెట్రోల్ ట్యాంకుల పోసే చిన్న డబ్బా ఒకటి 380, ఇంక "కన్జూమబుల్స్" అని ఏంటియో ఎవ్వరికీ తెల్వనివి 150. బండి తిరిగింది 21,000 కిలోమీటర్లు. ఇరవై ఒక్క వేలకు ఇంజిన్ల ఏం మసి పేరుకుంటదో ఆ దేవునికే తెల్వాలె.

అసలు షోరూం బిల్లుల మూడు రకాల పైసలు కలగలిపి ఉంటయి, వాటిని ఇడదీసుకుంటే సగం చిక్కు అక్కడ్నే ఇడిపోతది. మొదటిది బండి తయారు చేసిన కంపెనీ ఇన్ని కిలోమీటర్లకు ఇది చెయ్యాలె అని రాసి ఇచ్చిన పని, ఆయిల్, ఫిల్టర్, బ్రేక్ ఫ్లూయిడ్ అట్లాంటివి, ఇది ఎగ్గొట్టొద్దు, ఎగ్గొడితే రేపు వారంటీ కాడ తిప్పలైతది. రెండోది అరిగింది కాబట్టి మార్చేది, బ్రేక్ ప్యాడ్లు, టైర్లు, వైపర్లు, బ్యాటరీ, ఇది కొలిచి చూసి మార్చాలె. మూడోది వాల్యూ యాడెడ్ సర్వీసు, షోరూంలోళ్లు పొట్టిగ వీఏఎస్ అంటరు, కోటింగులు, క్లీనింగులు, పాలిష్‌లు, అడిటివ్ డబ్బాలు అన్నీ ఈ రకంలకే వస్తయి, ఇది పూర్తిగ మన ఇష్టం. నా బిల్లుల ఆ 6,170 మొత్తం దాదాపు ఈ మూడో రకమే.

నాకు తెలిసిన పిల్లగాడొకడు పాలమూరు దిక్కు ఒక షోరూంల రెండేండ్లు అడ్వైజర్‌గ చేసి మానేసిండు. వానితోని ఈ ముచ్చట తీస్తే "అన్నా, ఆయిల్ మంచిగ మార్చినవ్‌రా అని మమ్మల్ని ఎవ్వరు మెచ్చుకోరు, నెలాఖరుకు మేనేజర్ అడిగేది వీఏఎస్ ఎంత కొట్టినవ్ అనే" అన్నడు. టార్గెట్ దాని మీద, ఇన్సెంటివ్ దాని మీద. అందుకే ఆ పిల్లల మీద గరం అయ్యి లాభం లేదు, వాళ్ల జీతం అట్ల కట్టిండ్రు, మన జేబు మనం చూస్కోవాలె గంతే. వాడు ఇంకోటి గూడ చెప్పిండు, బండి ఎప్పుడిచ్చినా నెల ఆఖరు వారంల ఇయ్యకు అని. అప్పటికెల్లి నేను నెల నడుమల్నే ఇస్తున్న.

మరి మన ముందట చెప్పేది మొదటి రకమా మూడో రకమా ఎట్ల తెలుస్తది అంటే మాటల్నే పట్టుకోవచ్చు. "డ్యూ ఉంది సార్" అన్నడంటే పుస్తకంల ఉన్నట్టు, "రికమెండ్ చేస్తున్నం సార్", "చేయిస్తే బండికి మంచిది", "ఈ మధ్య అందరు చేయించుకుంటున్నరు" అన్నడంటే పుస్తకంల లేనట్టు. పుస్తకం అంటే ఓనర్స్ మాన్యువల్, బండి కొన్ననాడు ఇచ్చింది, చానమంది బండ్లల్ల గ్లవ్ బాక్సుల ఆర్సీ, ఇన్సూరెన్సు కాయితాల కింద ప్లాస్టిక్ కవర్ కూడ ఇప్పకుండ పడి ఉంటది. దాని ఆఖరు పేజీల దిక్కు ఒక టేబుల్ ఉంటది, మీద కిలోమీటర్లు, నెలలు, పక్కకు ఒక్కో పార్టు పేరు, గళ్లల్ల ఒక్కో అక్షరం. కిలోమీటర్లు, నెలలు, రెండిట్ల ఏది ముందస్తే అది లెక్క.

ఆ గళ్లల్ల అక్షరాలే అసలు కీలకం, నేను ఇది తెలుసుకునేసరికి ఆరేండ్లు పట్టింది. ఒక గుర్తుకు "రీప్లేస్" అని అర్థం, ఇంకో గుర్తుకు "ఇన్‌స్పెక్ట్" అని, అంటే ఒకటి మార్చుడు, ఒకటి చూసుడు. బ్రేకులు చాన సర్వీసుల చూసుడే ఉంటది, బెల్టు చూసుడే, ఎయిర్ ఫిల్టర్ మొదట్ల చూసి దులిపి పెట్టుడే. ఆ చూసుడు కాస్త బిల్లు మీదికి వచ్చేసరికి మార్చుడో, "క్లీనింగ్" అనే వేరే ఐటెమో అయితది. నా బిల్లుల బ్రేక్ క్లీనింగ్ 650 గదే, బ్రేకులు చూసుడు ఆ 1,850 లేబర్ల ఉండాల్సిన పని, దానికే ఇంకో పేరు పెట్టి ఇంకోసారి తీస్కున్నరు.

ఎయిర్ ఫిల్టర్ ముచ్చట చెప్తే నవ్వుతరు. అంతకు ముందు 10,000 సర్వీసుల అడ్వైజర్ నన్ను లోపలికి పిలిచి, నా బండి ఫిల్టర్ తీస్కొచ్చి ఇనుప టేబుల్ మీద రెండు సార్లు టప టప కొట్టిండు, దుమ్ము రాలింది, వడ్ల పొట్టు రాలింది, ఆఖరుకు ఎండిపోయిన మిడత ఒకటి పడ్డది. "చూసిండ్రా సార్, ఇంజిన్ గిదే పీలుస్తున్నది" అన్నడు, నాకు గుండె గుభేలుమన్నది, మార్చెయ్ అన్న. ఇంటికొచ్చినంక గాని బుద్ధి రాలె, ఆ మిడతను ఆపనీకే కదా ఫిల్టర్ పెట్టింది, అది అండ్ల దొరికిందంటే ఫిల్టర్ పని చేస్తున్నట్టు. మా మాన్యువల్ల దాన్ని మార్చేది 40,000 కాడ.

అట్లని 40,000 దాక ఆగమని కూడ నేను చెప్పను. మన దిక్కు కోతల టైంల రోడ్డు సగం వడ్లే ఉంటయి, మిర్యాలగూడ రైస్ మిల్లుల బజారుకెల్లి ఒకసారి పోయొస్తే బానెట్ మీద పొట్టు కనవడ్తది, దేవరకొండ దిక్కు ఊళ్లల్ల ఎర్రమట్టి బాటలు, పాలమూరుల పత్తి లారీల ఎనక పోతే రేడియేటర్ జాలీకి దూది అతుక్కుంటది. మాన్యువల్ల కూడ దుమ్ము ఎక్కువుండే కాడ ముందే మార్చుకోండి అని ఒక లైను రాసి ఉంటది. నేనైతే 20,000కు ఒకసారి మారుస్తున్న, నడుమల నేనే ఇప్పి దులుపుత, చాన బండ్లకు ఎయిర్ ఫిల్టర్ డబ్బాకు నాలుగు క్లిప్పులే ఉంటయి, ఏసీ ఫిల్టర్ గ్లవ్ బాక్స్ ఎనక ఉంటది, యూట్యూబ్ల మీ బండి పేరు కొడితే ఐదు నిమిషాల వీడియో దొరుకుతది. పార్టు కొనుక్కొచ్చి మనమే వేస్కుంటే లేబర్ మిగిలిపాయె.

ఆయిల్ కాడ రెండు చూడాలె, గ్రేడ్, లీటర్లు. గ్రేడ్ మాన్యువల్ల ఉంటది, జీరో డబ్ల్యూ ట్వంటీ (0W-20) అనో ఫైవ్ డబ్ల్యూ థర్టీ (5W-30) అనో, అదే పోయాలె, "ప్రీమియం పోద్దామా సార్" అంటే ఏం గ్రేడ్, మాన్యువల్ల ఉన్నదేనా అని అడగండి చాలు. లీటర్ల కాడ నా మాన్యువల్ ఫిల్టర్‌తోని కలిపి 3.1 అంటే బిల్లు 3.5 అన్నది. అడిగితే "డ్రమ్ముకెల్లి పోస్తం సార్, రౌండ్ చేస్తం" అన్నరు, రౌండ్ ఎప్పుడూ పైకే ఎందుకైతదో మరి. బండి తీస్కునేటప్పుడు బానెట్ లేపి డిప్‌స్టిక్ తీసి చూడండి, బండి సాపు జాగల ఉండాలె, ఇంజిన్ ఆపి ఐదు నిమిషాలైనంక, రెండు గీతల నడుమల ఆయిల్ ఉండాలె. పైగీత దాటినా మంచిది కాదు.

ప్యాడ్లు అరిగినయి అంటే ఎన్ని మిల్లీమీటర్లు ఉన్నయి అని అడుగుడే. కొత్తగ ఉన్నప్పుడు ముందటి డిస్కు ప్యాడ్లు మామూలుగ పది మిల్లీమీటర్ల మీదనే ఉంటయి, మూడుకు దగ్గర పడ్డంక మార్చాలె, ఆరో ఏడో ఉన్నప్పుడు మార్చుడు పైసలు బేకార్. టైర్లకు అయితే గాడిల చిన్న దిమ్మెలుంటయి, రబ్బరు వాటి తోని సమానం అయిందంటే ఇంక 1.6 మిల్లీమీటర్లే మిగిలినట్టు, మార్చాల్సిందే. బ్యాటరీ వీక్ అంటే మీటర్ పెట్టి చూపియ్యమనండి, రాత్రంత ఆగిన బండికి 12.6 వోల్టుల దగ్గర ఉంటే ఛార్జింగ్ ఫుల్ ఉన్నట్టు, ఇంజిన్ నడిచేటప్పుడు 14 అటుఇటు చూపెట్టాలె. వోల్టులు మంచిగనే ఉండి స్టార్టింగ్ ఇబ్బంది పెడ్తుంటే లోడ్ టెస్ట్ (బ్యాటరీ మీద లోడ్ పెట్టి కొలుచుడు) చేసి స్లిప్ ఇయ్యమనాలె. కొలత చెప్పకుండ "పోయింది సార్" అనేటోనికి ఊ కొట్టొద్దు.

ఇంక ఏసీ గ్యాస్. ఎండాకాలం రాంగనే "గ్యాస్ టాప్ అప్ చేద్దాం సార్" అని ఒకటి మొదలైతది. ఏసీ గ్యాస్ పెట్రోల్ లెక్క ఖర్చయ్యేది కాదు, పైపులల్ల తిరిగేదే తిరుగుతుంటది. బాగ తగ్గిందంటే ఎక్కడ్నో లీక్ ఉన్నట్టు, లీక్ ఎతకకుండ గ్యాస్ నింపితే వచ్చే ఎండాకాలం మళ్ల నింపాలె. చల్లదనం తగ్గితే ముందుగాల ఏసీ ఫిల్టర్, ఆ తర్వాత ముందట కండెన్సర్ (ఏసీ వేడిని బయటికి పంపే జాలీ) మీద పట్టిన మట్టి దూది చూడాలె, మా బావ బండికి మెల్లగ నీళ్లు కొట్టి కండెన్సర్ కడిగితేనే సెట్ అయింది, ఎనిమిది వందలు కూడ కాలె.

యాంటీ రస్ట్ కోటింగ్, అండర్‌బాడీ కోటింగ్ అని నాలుగైదు వేలు చెప్తరు, మనకేం సముద్రమా ఉప్పు గాలా, పొలం కాడ బురద పడితే కడుక్కుంటే పాయె. నైట్రోజన్ గాలి అంటరు, మనం పీల్చే మామూలు గాలిల్నే 78 శాతం నైట్రోజన్. థ్రాటిల్ బాడీ క్లీనింగ్ నిజంగనే అక్కరకొచ్చే పని, కాకపోతే బండి ఆగి ఉన్నప్పుడు ఇంజిన్ ఎగుడుదిగుడు అవుతుంటేనో, రేసింగ్ సరిగ ఎత్తుకోకుంటేనో చేయించాలె, ప్రతి సర్వీసుకు కాదు. అలైన్‌మెంట్ కూడ అట్లనే, స్టీరింగ్ వదిలితే బండి పక్కకు గుంజుతుందా, టైరు ఒక దిక్కే అరుగుతుందా చూస్కొని, చేసినంక ముందు ఎంతుండె ఇప్పుడెంత అనే ప్రింట్ తీస్కోవాలె.

ఇగ మన నల్లగొండోళ్లకు ప్రత్యేకంగ ఒకటి. కూలంట్ తగ్గింది అని ఊళ్లె ఏ షెడ్డుకు పోయినా డబ్బాతోని బోరు నీళ్లు తెచ్చి పోస్తరు. మన బోరు నీళ్లు ఎంత మంచియో ఫ్లోరైడ్ తోని దేశమంతా తెల్సు, ఆ నీళ్లల్ల ఉండే ఉప్పులు రేడియేటర్ లోపల గీజర్ కాయిల్ మీద పట్టినట్టే తెల్లగ పడ్తయి, సన్నటి గొట్టాలు మూసుకపోతయి, ఇయ్యాల మిగిలిన రెండొందలకు రేపు రేడియేటరే మార్చాల్సి వస్తది. కూలంట్ రెడీమేడ్ డబ్బా కొని డిక్కీల పెట్టుకోండి, అర్జంటైతే డిస్టిల్డ్ వాటర్. ఈ ఒక్క కాడ షోరూం వాళ్లు చెప్పినట్టే వినాలె.

ఇప్పుడు జాబ్ కార్డ్. సంతకం పెట్టే ముందు అండ్ల ఏమేం రాసిండో ఒక్కొక్కటి చదివి, అక్కర్లేనియి అడ్డగీత కొట్టించి, ఎస్టిమేట్ ట్యాక్స్ తోని కలిపి ఎంత అనేది రాయించుకోవాలె. ట్యాబ్ల చేస్తే ట్యాబ్ల్నే తీసేయమనండి, ఆ టిక్కులు చానసార్లు ముందే కొట్టి ఉంటయి. "ఇవి కాక వేరే ఏ పని చేసినా ఫోన్ చేసి అడగాలె" అని ఒక లైను రాయించి, "పాత పార్టులు కావాలె" అనేదానికి అవును అనిపించి, కార్డును ఫోన్ల ఫోటో తీస్కోండి. పాత పార్టులు అడుగుతున్నరని తెలిస్తే మార్చకుండ మార్చినం అనే మాటే రాదు. వారంటీల మార్చినయి, ఇన్సూరెన్సు క్లెయిమ్ల మార్చినయి వాళ్లే పెట్టుకుంటరు, అది వేరే ముచ్చట. కొత్త బండోళ్లకు ఇంకో మాట, ఫ్రీ సర్వీసు అంటే లేబర్ ఒక్కటే ఫ్రీ, ఆయిల్, ఫిల్టర్ పైసలు మనయే, ఫ్రీ కదా అని చూస్కోకుండ సంతకం పెట్టే కాడ్నే వీఏఎస్‌లు ఎక్కువ ఎక్కుతయి.

బిల్లుల ట్యాక్స్ కాలం చూసేటోళ్లు తక్కువ. ఇంతకు ముందు చాన స్పేర్ పార్టుల మీద 28 శాతం ఉండేది, 2025 సెప్టెంబర్ 22 నుంచి 18 చేసిండ్రు, అంటే సీజీఎస్టీ (కేంద్రం వాటా) 9, ఎస్‌జీఎస్టీ (రాష్ట్రం వాటా) 9 కనవడాలె, ఇంకా 14, 14 అని ఉంటే అడగండి. ఇంకోటి, డబ్బా మీద ఉండే ఎమ్మార్పీ అన్ని పన్నులతోని కలిపిన ధర, కొందరు ఎమ్మార్పీ రాసి దాని మీద మళ్ల జీఎస్టీ ఏస్తరు, అది తప్పు. డబ్బా కూడ పాత పార్టుతోపాటు అడగాలె అనేది ఇందుకే.

ఇదంత పరేషాన్ ఎందుకు, బయట మెకానిక్ కాడ చేయిస్తే అయిపాయె కదా అంటరు. వారంటీ అయిపోయిన బండికైతే నేనూ అదే చెప్త, మన ఊరి మెకానిక్‌కు మన బండి చప్పుడే తెల్సు. కాని అక్కడ బిల్లు ఉండదు, పార్టు ఒరిజినలో డూప్లికేటో తెల్వదు. హైదరాబాద్ పోయినప్పుడు హయత్‌నగర్ దాటినంక ఆటోనగర్ల ఆగి గాని, కంపెనీ పార్టుల కౌంటర్ల గాని మనమే బిల్లుతోని పార్టు కొని ఇస్తే ఆ భయం పోతది. వారంటీల ఉన్న బండి బయట ముట్టుకుంటేనే వారంటీ మొత్తం పోతదని బెదిరిస్తరు చూడు, దాని మీద కాంపిటీషన్ కమిషన్ ఆఫ్ ఇండియా (వ్యాపారంల పోటీ సరిగ ఉందా చూసే కేంద్ర సంస్థ) 2014 ఆగస్టు 25న 14 కార్ల కంపెనీలకు 2,544 కోట్ల పైన జరిమానా ఏసిన ఆర్డర్ల్నే రాసింది, బయట చేయించిండు అన్న ఒక్క కారణానికి వారంటీ మొత్తం తీసెయ్యొద్దు, ఆ బయటి పని వల్ల ఖరాబైన దానికే ఆపుకోవచ్చు అని. కంపెనీలు అప్పీలుకు పోయినయి. నా మట్టుకు నేను వారంటీ ఉన్నన్ని రోజులు సర్వీసు షోరూంల్నే చేయిస్త, ఇంజిన్ పోయినంక వాళ్లతోని కొట్లాడే ఓపిక నాకు లేదు, పంక్చర్లు, వైపర్లు, బ్యాటరీ అసొంటియి మాత్రం బయటనే.

చెప్పకుండ పని చేసి బిల్లేస్తే, బిల్లు ఇయ్యనంటే, ముందుగాల అక్కడ్నే మేనేజర్‌కు, తర్వాత కంపెనీ కస్టమర్ కేర్‌కు జాబ్ కార్డ్ ఫోటో పెట్టి మెయిల్ కొట్టండి, చానవరకు అక్కడ్నే తెగుతది, వాళ్లకు రేటింగ్ భయం ఉంటది. తెగకుంటే 1915, అది నేషనల్ కన్జూమర్ హెల్ప్‌లైన్. దాని తర్వాత జిల్లా వినియోగదారుల కమిషన్, నల్లగొండల ఉంది, మహబూబ్‌నగర్ల ఉంది, 5 లక్షల లోపు కేసుకు ఫీజు లేదు. బిల్లు ఇయ్యకపోవుడు 2019 వినియోగదారుల చట్టం కింద అనుచిత వ్యాపార పద్ధతే.

మొన్న 30,000 సర్వీసుకు ఇచ్చినప్పుడు ఇవన్నీ పాటించిన, కొత్త అడ్వైజర్, కార్డుల ఐదు టిక్కులు తీసేసిండు, మొకం జర చిన్నగ చేస్కున్నడు. నాలుగింటికి ఫోన్ వచ్చింది, ఎప్పుడైనా నాలుగింటికే వస్తది, మనం డ్యూటీల ఉండి సరే చెయ్ అంటమని.

"సార్, ఫ్రంట్ ప్యాడ్లు అరిగినయి, సెట్ 2,600, మార్చేద్దామా సార్?"

"ఎన్ని ఎంఎం ఉంది తమ్మీ?"

"సార్... ఒక్క నిమిషం లైన్ల ఉండుండ్రి."

ఎనక గాలి కొట్టే మిషన్ చప్పుడు, ఎవర్నో పిలుస్తున్నడు, రెండు నిమిషాలు. తర్వాత వాట్సాప్ల ఫోటో వచ్చింది, స్కేల్ పెట్టి తీసిండు, ఆరు మిల్లీమీటర్ల మీద. "వచ్చే సర్వీసుకు చూద్దాం లే సార్" అని వాడే అన్నడు. బిల్లు 5,900 చిల్లర అయింది, కొత్త ఎయిర్ ఫిల్టర్ తోని కలిపి. పాత ఫిల్టర్ కవర్ల పెట్టి డిక్కీల పెట్టిండ్రు, ఇంటికొచ్చి దులిపి చూసిన, పొట్టే ఉంది, మిడత లేదు ఈసారి.